కథ ముందే తెలిసినా సినిమా ఎందుకు చూస్తాం? అహోబిలం నుంచి ఒక ఎపిసోడ్

ఈసారి బ్యాక్‌గ్రౌండ్ మారింది, గమనించారా? రోజూ కనిపించే మా బెడ్‌రూమ్ గోడ కాదు. నేనిప్పుడు ఎగువ అహోబిలంలో ఉన్నా. వినిపిస్తున్న నీళ్ల చప్పుడు భవనాశినిది. మధ్యలో కోతులు అరిస్తే ఎడిటింగ్‌లో తీసేయలేను, సర్దుకోండి.

చాలామంది అడుగుతున్నారు కదా, "బ్రో, నీ ఫేవరెట్ సినిమాలు చెప్పు, టాప్ టెన్ చెయ్యి" అని. లిస్ట్ రాయడానికి కూర్చున్నా. రాశాక ఒక విషయం చూసి నాకే ఆశ్చర్యమేసింది. పైన ఉన్న సినిమాల్లో చాలావాటి ముగింపు నాకు మొదటిసారి చూడకముందే తెలుసు. మాయాబజార్, భక్త ప్రహ్లాద, చెంచులక్ష్మి, మొన్నటి మహావతార్ నరసింహ. వీటిలో ఒక్కదాంట్లో కూడా చివర్లో ఏమవుతుందో అనే సస్పెన్స్ లేదు. అయినా కదలకుండా చూశాను, మళ్ళీ మళ్ళీ చూశాను.

కాబట్టి ఈరోజు టాప్ టెన్ లేదు. ఒకే ప్రశ్న. కథ ముందే తెలిసిన సినిమా మన మీద ఎందుకు పనిచేస్తుంది?

ఈ ప్రశ్న నాకెందుకు ముఖ్యమో ముందు చెప్తాను. కొత్తవాళ్ల కోసం: మాది ఆళ్లగడ్డ దగ్గర ఒక పల్లె. బీటెక్ చేశా, నాలుగేళ్లు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేశా, తర్వాత మానేసి ఈ వీడియోలు మొదలుపెట్టా. మొదట్లో చేసినవన్నీ "ఎండింగ్ ఎక్స్‌ప్లెయిన్డ్" టైపే. అప్పట్లో ఒక వీడియోలో నేనే గట్టిగా అన్నాను: "సినిమా అంటే ట్విస్ట్. ట్విస్ట్ తెలిసిపోతే ఆ టికెట్ డబ్బులు దండగ." ఆ వీడియో ఇంకా ఛానల్‌లో ఉంది. తీసేయలేదు. ఈరోజు దానికి జవాబు నేనే చెప్పుకుంటున్నా.

2025 జులై 25న మహావతార్ నరసింహ రిలీజైంది కదా, అశ్విన్ కుమార్ తీసిన యానిమేషన్ సినిమా. రెండో వారంలో మా జేజిని తీసుకుని నంద్యాల వెళ్ళా. బస్సులో వెళ్తూ ఊరికే అడిగా, "జేజీ, కథంతా నీకు తెలుసు కదా, మళ్ళీ ఎందుకు?" అని. మా జేజికి ఆ కథ తెలియడం అంటే మామూలుగా కాదు. ఈ అహోబిలంలోనే స్తంభం పగిలిందని నమ్మే ఊళ్లలో పుట్టి పెరిగింది. పైన కొండ కొనలో నిలువునా చీల్చినట్టుండే బండ ఉంది, ఉగ్రస్తంభం అంటారు. జ్వాలా నరసింహస్వామి గుడి దగ్గర నుంచి ఇంకా పైకి ఎక్కాలి. చిన్నప్పుడు ఎక్కిందట, ఇప్పుడు మోకాళ్ళు ఒప్పుకోవు.

జేజి నన్ను చూసి నవ్వింది. "కత తెల్దని ఎవరన్నా పోతారేమిరా? ఆ పిల్లోడు ఎట్ల నిలబడినాడో చూడ్డానికి పోతారు" అంది.

హాల్లో స్తంభం ఘట్టం వచ్చింది. తండ్రి గద ఎత్తాడు. జేజి నా చేయి పట్టుకుంది. ఎంత గట్టిగా అంటే, గాజు గుచ్చుకుని మచ్చ పడింది. డెబ్భై ఏళ్లుగా తెలిసిన కథ ఫ్రెండ్స్. నా ట్విస్ట్ థియరీ ప్రకారం ఆమెకు ఆ క్షణంలో ఏమీ అనిపించకూడదు!

మరి ఏం జరిగింది? మూడు భాగాలుగా చెప్తాను.

మొదటిది: తెలియకపోవడం వేరు, ఎదురుచూడటం వేరు.

హిచ్‌కాక్ అని బ్రిటన్ నుంచి హాలీవుడ్‌కి వెళ్ళిన పెద్ద డైరెక్టర్. ఫ్రెంచ్ డైరెక్టర్ ట్రూఫో ఆయన్ని రోజుల తరబడి ఇంటర్వ్యూ చేశాడు, అది 1966లో పుస్తకంగా వచ్చింది. అందులో హిచ్‌కాక్ ఒక ఉదాహరణ చెప్తాడు. ఇద్దరు మనుషులు బల్ల దగ్గర కూర్చుని మామూలుగా మాట్లాడుకుంటున్నారు. బల్ల కింద బాంబు ఉంది. మనకు తెలియకపోతే, అది పేలినప్పుడు పదిహేను సెకన్ల షాక్. ముందే మనకు చూపించి, వాళ్ళకు తెలియకుండా ఉంచితే, అదే ముచ్చట పదిహేను నిమిషాలు మనల్ని కుర్చీ అంచున కూర్చోబెడుతుంది.

దీన్ని మనవాళ్ళు 1957లోనే నవ్వుల కోసం వాడేశారు. మాయాబజార్. తీసింది కె.వి.రెడ్డి గారు, మన తాడిపత్రి ఆయన. అందులో పెళ్లికూతురు శశిరేఖ కాదు, శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడు. ఈ సంగతి మనకు తెలుసు, పెళ్లికొడుకు లక్ష్మణకుమారుడికి తెలియదు. సావిత్రి గారు సిగ్గుపడుతూనే మధ్యలో ఒక్కసారి మగాడిలా ఠీవిగా నిలబడితే మనం పగలబడి నవ్వేది అందుకే. ఆ రహస్యాన్ని చివరిదాకా దాచి ట్విస్ట్‌గా పెట్టి ఉంటే? ఒక్క "ఓహో" వచ్చేది, అంతే. పెళ్లి సీన్ అంతా మామూలు పెళ్లి సీన్ అయ్యేది. కథ చెప్పేవాడు మనల్ని తనవైపు కూర్చోబెట్టుకున్నాడు. బాంబు అయినా, పెళ్లికూతురు అయినా సూత్రం ఒకటే.

ప్రహ్లాదుడి కథలో మనం మొదటి నుంచీ ఆ వైపే కూర్చుని ఉంటాం. స్తంభంలో ఎవరున్నారో మనకు తెలుసు. తెలియనిది ఒక్క హిరణ్యకశిపుడికే.

రెండోది: షరతులు. ఇది నాలోని ఇంజినీర్‌కి బాగా నచ్చే భాగం.

హిరణ్యకశిపుడు అడిగిన వరం గుర్తు చేసుకోండి. మనిషి చేతిలో చావకూడదు, జంతువు చేతిలో చావకూడదు. పగలు కాదు, రాత్రి కాదు. ఇంట్లో కాదు, బయట కాదు. నేల మీద కాదు, ఆకాశంలో కాదు. ఆయుధంతో కాదు. నేను ఉద్యోగంలో టెస్ట్ కేసులు రాసేవాణ్ణి. ఈయన అచ్చం అలాగే తనకు తోచిన ప్రతి కేసూ రాసి, అన్నిటికీ రక్షణ పెట్టుకుని, ఇక నా సిస్టమ్ పడిపోదు అనుకున్నాడు.

ఇక్కడ కథ చేసే పని చూడండి. ఆ వరం వినగానే ప్రతి షరతూ ప్రేక్షకుడికి ఇచ్చిన మాట అయిపోతుంది. చివర్లో ఒక్కొక్కటీ చెల్లుతుంది. నరుడూ కాదు, సింహమూ కాదు. సంధ్యవేళ. గడప మీద. ఒడిలో. గోళ్లతో. ఒక్క షరతు కూడా తప్పలేదు, అబద్ధం కాలేదు. ఇచ్చిన వరం ఇచ్చినట్టే ఉంది, అయినా ఆయన చచ్చిపోయాడు. ముందే తెలిసినా మనకు తృప్తిగా ఉండేది ఈ లెక్క సరిపోవడం వల్ల. పగలబోయే స్తంభం తెలుసు, కానీ లెక్క ఎలా సరిపోతుందో కళ్ళతో చూడాలి. మీకు నచ్చిన ఏ సినిమా అయినా తీసుకోండి, మొదటి అరగంటలో పడిన షరతు ఏదో ఒకటి క్లైమాక్స్‌లో చెల్లుతూ ఉంటుంది.

మూడోది అసలైనది. దీనికోసం 1967 సినిమా దగ్గరికి వెళ్ళాలి.

దానికంటే ముందు చిన్న హిస్టరీ. మన కడప జిల్లా సురభి అనే ఊళ్ళో 1885లో ఒక నాటక కుటుంబం మొదలైంది, ఆ ఊరి పేరే వాళ్ళ పేరైంది. ఊరూరా తిరిగి పౌరాణిక నాటకాలు ఆడారు. 1932లో మొట్టమొదటి పూర్తి తెలుగు టాకీ వచ్చినప్పుడు తీసుకున్న కథ ఏంటో తెలుసా? భక్త ప్రహ్లాద. హెచ్.ఎం.రెడ్డి గారు తీశారు. లీలావతిగా సురభి కమలాబాయి, హిరణ్యకశిపుడిగా మునిపల్లె సుబ్బయ్య. తెరమీద బొమ్మ తెలుగులో మాట్లాడటమే కొత్త అయిన రోజుల్లో, అందరికీ తెలిసిన కథ ఎంచుకున్నారు. 2025లో ఇంత పెద్ద యానిమేషన్ మన హాళ్లలో కొత్త అయినప్పుడు కూడా ఇదే కథ. నాకేమనిపిస్తుందంటే, టెక్నాలజీ కొత్తదైతే కథ పాతదిగా ఉండటం మంచిదే. జనం కథ అర్థం చేసుకునే కష్టం లేకుండా, చెప్పే పద్ధతిని చూస్తారు.

ఇప్పుడు 1967. ఏవీఎం వాళ్ళ భక్త ప్రహ్లాద, రంగుల సినిమా. హిరణ్యకశిపుడు ఎస్వీ రంగారావు, లీలావతి అంజలీదేవి, నారదుడిగా మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు స్వయంగా నటించారు. ప్రహ్లాదుడు చిన్నారి రోజారమణి, హీరో తరుణ్ వాళ్ళ అమ్మ.

ఈ కథ నడిచే తీరు ఒక లూప్ లాంటిది. తండ్రి చెప్తాడు, కొడుకు వినడు, తండ్రి శిక్షిస్తాడు, కొడుకు బతుకుతాడు. మళ్ళీ మొదటికి. ఏనుగులు, పాములు, విషం, కొండ మీద నుంచి తోయడం. మామూలుగా అయితే ఇది బోర్ కొట్టాలి. ఒకే సీన్ ఐదుసార్లు చూపించినట్టే కదా? కోడ్ రాసేవాళ్ళకు తెలుసు, లూప్‌లో ఏదో ఒక విలువ ప్రతిసారీ మారకపోతే ప్రోగ్రామ్ అక్కడే తిరుగుతూ ఉంటుంది.

మరి ఇక్కడ ఏం మారుతుంది? ప్రహ్లాదుడు మారడు. మొదటి సీన్‌లో ఏమన్నాడో చివరి సీన్‌లోనూ అదే అంటాడు. మారేది తండ్రి. ప్రతి శిక్షకూ ఆయన ముఖం మారుతుంది. మొదట గురుకులం నుంచి వచ్చిన కొడుకుని ఒడిలో కూర్చోబెట్టుకుని, ఏం చదివావు నాయనా అని మురిసిపోయే తండ్రి. తర్వాత పంతుళ్ల మీద కోపం. తర్వాత అవమానం. తర్వాత భయం. రంగారావు గారిని చూడండి, శిక్ష చెప్పే గొంతులో ఎంత గర్జన ఉంటుందో, కొడుకు వైపు తిరిగిన కళ్ళల్లో అంత బాధ ఉంటుంది. కొడుకు బతికి తిరిగొచ్చిన ప్రతిసారీ ఆ ముఖంలో ఒక తండ్రి ఊపిరి పీల్చుకుంటాడు, ఒక రాజు ఓడిపోతాడు. రెండూ ఒకే ముఖంలో, ఒకేసారి.

అందుకే ఆ సినిమా పనిచేస్తుంది. విలన్ రాక్షసుడు కాబట్టి కాదు, నాన్న కాబట్టి.

దీన్ని నేను పుస్తకం చదివి తెలుసుకోలేదు. ఉద్యోగం మానేసిన సంగతి ఇంట్లో చెప్పిన రోజు నుంచి మా నాయన నాతో మాట్లాడటం మానేశాడు. మాది కేసీ కాలువ కింద కొంచెం వరి పొలం. ఆ పొలం మీద అప్పు చేసి నన్ను బీటెక్ చదివించాడు. ఆయన కోపం అర్థం కానిది కాదు. కానీ అప్పుడు నాకు అర్థం కాలేదు. దాదాపు మూడు నెలలు. "అన్నానికి రమ్మను" అని అమ్మతో చెప్పేవాడు, నేను పక్క గదిలోనే ఉండేవాణ్ణి. అమ్మ ఇటు చెప్పేది, అటు చెప్పేది. అంజలీదేవి గారి లీలావతిని ఎప్పుడు చూసినా నాకు ఆ నెలల్లోని మా అమ్మే గుర్తొస్తుంది. మొగుడు తప్పు అనలేదు, కొడుకు తప్పు అనలేదు, ఇద్దరికీ వడ్డించాలి.

ఒక ఆదివారం టీవీలో ఈ సినిమా వచ్చింది. నాయన చూస్తున్నాడు. నేను గడప దగ్గర నిలబడ్డా. కొండ మీద నుంచి తోయించే ఘట్టం నడుస్తోంది. నాయన నావైపు చూడకుండా, టీవీకి చెప్తున్నట్టు అన్నాడు, "వాడు చెడ్డోడు కాదు. కొడుకు చెయ్యి జారిపోతాండాడని బయం."

నాకేం చెప్పాలో తెలియలేదు. వెళ్ళి పక్కన కూర్చున్నా. సినిమా అయిపోయాక అడిగాడు, "దీంట్లో నెలకు ఎంత వస్తాది?" అని. చెప్పా. చాలా తక్కువ ఉండేది అప్పుడు. ఏమీ అనలేదు. కానీ మూడు నెలల తర్వాత నాతో నేరుగా అన్న మొదటి మాట అది.

నేను ప్రహ్లాదుణ్ణి అని చెప్పుకోవట్లేదు ఫ్రెండ్స్, కామెంట్లలో ఆడుకోకండి. ఆయనా రాక్షసుడు కాదు. చెప్పేదేంటంటే, ఆ సినిమా ముగింపు మా ఇద్దరికీ తెలుసు. అయినా ఆ రోజు మా ఇద్దరికీ పనికొచ్చింది ముగింపు కాదు, మధ్యలో ఉన్న ఆ ముఖం.

ఇప్పుడు మహావతార్ గురించి నిజాయితీగా ఒక మాట. నాకు బాగా నచ్చింది. చివర్లో నరసింహుడు వచ్చాక జరిగే యుద్ధం హాల్లో అదిరిపోయింది, మా తమ్ముళ్లు ఈలలు వేశారు. కానీ నాకు మాత్రం సినిమా శిఖరం అంతకంటే ముందే వచ్చేసింది. తండ్రి అడుగుతాడు, కొడుకు ఉన్నాడంటాడు, తండ్రి స్తంభాన్ని తన చేత్తో తానే కొడతాడు. చూడండి, దేవుణ్ణి బయటికి రప్పించింది ఆయన దెబ్బే. ఆ దెబ్బ వేయకుండా ఆగిపోయే అవకాశం ఆ క్షణం దాకా ఉంది. మా జేజి చేయి పట్టుకుంది అక్కడే, యుద్ధంలో కాదు. ఏమవుతుందో తెలిసి కూడా "వద్దు, ఆగు" అనిపించడం. తెలిసిన కథకున్న బలం అంతా ఆ "వద్దు"లో ఉంది.

మా పక్క ఊరి కథే తీసుకోండి, సైరా నరసింహారెడ్డి, 2019. ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని 1847లో కోయిలకుంట్లలో ఉరి తీశారని మా దగ్గర పిల్లోడికి కూడా తెలుసు. అయినా ఆళ్లగడ్డలో చూసినప్పుడు ఆఖర్న హాలంతా నిశ్శబ్దం. అదే "వద్దు".

ఇంకో సంగతి. అహోబిలంలో ఈ కథ స్తంభంతో ఆగదు. నరసింహుడి కోపం చల్లారాలి కదా. ఇక్కడి నల్లమలలో చెంచు పిల్లని ఇష్టపడి పెళ్లాడాడు అంటారు. చెంచులు ఆయన్ని ఇప్పటికీ బావ అనే అనుకుంటారు. సంక్రాంతి కనుమ నుంచి నలభై రోజులకు పైగా పారువేట ఉత్సవం జరుగుతుంది, స్వామి పల్లకీలో చుట్టుపక్కల పల్లెలన్నీ తిరిగి తన పెళ్లికి తానే పిలుస్తాడు. మా ఊరికీ వస్తాడు. 1958లో వచ్చిన చెంచులక్ష్మి సినిమాలో నాగేశ్వరరావు గారు, అంజలీదేవి గారు నటించింది ఈ కథే. అందులోనూ హిరణ్యకశిపుడు ఎస్వీఆరే. అంటే అంత పెద్ద క్లైమాక్స్ తర్వాత ప్రేక్షకుడికి దిగే మెట్లు కావాలని మన పెద్దలకు తెలుసు. చాలా కొత్త సినిమాలు క్లైమాక్స్ ఫైట్ అవ్వగానే పేర్లు వేసేస్తాయి. కోపం అలాగే మన మీద వదిలేసి పంపిస్తాయి.

మరి స్పాయిలర్ల సంగతేంటి? 2011లో కాలిఫోర్నియా యూనివర్సిటీ శాన్ డియెగోలో ఇద్దరు పరిశోధకులు 12 చిన్న కథలతో ఒక ప్రయోగం చేశారు. ముగింపు ముందే తెలిసినవాళ్ళకే కథలు కాస్త ఎక్కువ నచ్చాయని తేలింది. తర్వాత వచ్చిన కొన్ని పరిశోధనల్లో దీనికి ఎదురు ఫలితాలు కూడా వచ్చాయి. కాబట్టి దీన్ని పట్టుకుని మీ ఫ్రెండ్స్‌కి సినిమాలు చెప్పేయకండి. మొదటిసారి తెలియకుండా చూసే ఆనందం అందరికీ హక్కు. నేను వెనక్కి తీసుకుంటున్నది ఒక్క మాటే, ట్విస్ట్ తెలిస్తే టికెట్ దండగ అన్నది. ట్విస్ట్ తెలిశాక ఇంకేమీ మిగలకపోతే, తప్పు చెప్పినవాడిది కాదు, ఆ సినిమాది.

మీ ఫేవరెట్ సినిమాని మూడు ప్రశ్నలు అడిగి చూడండి. ఒకటి, మనకు తెలిసి పాత్రకు తెలియనిది ఏంటి? రెండు, మొదట్లో పెట్టిన ఏ షరతు చివర్లో చెల్లింది? మూడు, ఒక్కో సీన్‌కీ మారుతూ వచ్చింది ఎవరు? మూడోదానికి జవాబు కొన్నిసార్లు హీరో కాకపోవచ్చు. అప్పుడే మజా.

సరే, ఎండెక్కుతోంది. ఈరోజు కెమెరా ఎందుకు కాస్త వణుకుతోందని కొందరు అడుగుతారు, నాకు తెలుసు. ఫోన్ పట్టుకున్నది మా నాయన. ఇందాకటి మాటలన్నీ విన్నాడు, ఏమీ అనలేదు. పొద్దున దార్లో మాత్రం అడిగాడు, "మళ్ళీ ఉజ్జోగాలు తీస్తాండారంట కదా, చూడగూడదా?" అని. చూస్తాలే నాయనా అన్నా. మా లూప్ ఇంకా అయిపోలేదు.

ఇప్పుడు ఇద్దరం ఉగ్రస్తంభం వైపు ఎక్కుతున్నాం. మీకు ముగింపు తెలిసి కూడా మళ్ళీ మళ్ళీ చూసే సినిమా ఏంటో, అందులో ఏ సీన్ దగ్గర "వద్దు" అనిపిస్తుందో రాయండి. సినిమా పేరు ఒక్కటే రాస్తే ఒప్పుకోను, సీన్ కావాలి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.